వేదిక మీద ఒక్కరే ఉంటే జట్టు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

ఐటీ సంస్థల్లోనే కాక, ఈమధ్య ఫ్యాక్టరీల్లో కూడా ‘ఐడియా పిచ్’ పేరుతో ఉద్యోగులకు పోటీలు పెడుతున్నారు. నలుగురైదుగురు జట్టుగా చేరి, పనిలో ఖర్చునో శ్రమనో తగ్గించే ఆలోచనను ఐదారు నిమిషాల్లో యాజమాన్యానికి వివరించి ఒప్పించాలి. ఉద్యోగులు కలసికట్టుగా పనిచేయడం నేర్చుకోవాలన్నది వీటి ఉద్దేశం. ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు, నిర్వహించే తీరుతోనే ఉంది.

నేను పళ్లరసాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా పనిచేసి పదవీ విరమణ చేశాను. వానాకాలం వచ్చిందంటే మా దగ్గర సీసాల మీద లేబుళ్లు వంకరపోయేవి. జిగురు మార్చాం, యంత్రం సరిచేయించాం, ఫలితం లేకపోయింది. చివరికి రాత్రి షిఫ్టు ఆపరేటర్ ఒకతను లైను మీది సీసాను తీసి నా అరచేతిలో పెట్టాడు. చెయ్యి తడిసింది. చల్లగా నింపిన సీసాకు బయటి గాలి తగిలి చెమ్మ పడుతోందని, లేబుల్ యంత్రానికి ముందు ఒక బ్లోయర్ బిగిస్తే చాలని అతనే చెప్పాడు. ఆ ఆలోచనతోనే మా జట్టు పోటీలో గెలిచింది. అయితే ఇంగ్లిషులో స్లైడ్లు చదవగలనన్న ఒక్క కారణంతో వేదిక మీదికి నన్ను పంపారు, జ్ఞాపిక కూడా నాకే ఇచ్చారు. అప్పటికి అతను డ్యూటీ దిగి ఇంట్లో నిద్రపోతున్నాడు. తర్వాత చాలా రోజులు అతను నాతో పని మాట తప్ప మరో మాట మాట్లాడలేదు.

నిజానికి ఈ విద్య మనకు కొత్తది కాదు. జపాన్‌లో 1962లో మొదలైన క్వాలిటీ సర్కిళ్లు మన దేశంలో తొలిసారి వేళ్లూనుకున్నది 1980ల ఆరంభంలో, రామచంద్రాపురం భెల్ కర్మాగారంలోనే. ఒకే విభాగంలో పనిచేసే కొద్దిమంది ఇష్టపూర్వకంగా చేరి, క్రమం తప్పకుండా కూర్చుని, చేపముల్లు ఆకారంలో బొమ్మ గీసి సమస్యకు గల కారణాలను ఒక్కొక్కటిగా తరచి చూసేవారు. వారు కూడా తమ పనిని న్యాయనిర్ణేతల ముందు వివరించేవారు, బహుమతులూ అందుకునేవారు. కాకపోతే అక్కడ జట్టు తయారయ్యేది వేదిక ఎక్కడానికి ముందు గడిచిన నెలల్లో. ఇప్పటి పోటీల్లో ఆ నెలలను తీసేసి ఐదు నిమిషాలను మాత్రం ఉంచుకున్నాం.

అందువల్ల నిర్వాహకులు ముఖ్యంగా ఒక మార్పు చేయాలని కోరుతున్నాను. జట్టు తరఫున ఎవరు మాట్లాడాలో ముందే తేల్చకుండా, పోటీ రోజున చీటీ తీసి నిర్ణయించాలి. ఎవరి పేరైనా రావచ్చని తెలిసినప్పుడు, మాటకారి తక్కినవారికి ఓపికగా నేర్పుతాడు, మౌనంగా ఉండేవాడు తనకు తెలిసింది నోరు విప్పి చెబుతాడు. తెలుగులో చెప్పే వీలు కూడా ఉండాలి, లేకపోతే చీటీ తీసినా ప్రయోజనం ఉండదు. సన్నాహాలకు షిఫ్టు వేళల్లోనే సమయం ఇవ్వాలి. ఇక బహుమతి సంగతంటారా, ఐదుగురి జట్టుకు ఒక్క మిక్సీ ఇస్తే దాన్ని ఎలా పంచుకోవాలో కూడా నిర్వాహకులే సెలవిస్తే బాగుంటుంది.

మా ఫ్యాక్టరీలో ఆ బ్లోయర్ ఇప్పటికీ తిరుగుతోందని ఈమధ్యే తెలిసింది. గోడ మీద విజేత ఫొటో కూడా అలాగే ఉందట, అందులో ఉన్నది నేనొక్కడినే.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపర్‌వైజర్, హైదరాబాద్