సాయంత్రం గదికి నెలనెలా కొంత: మందిర కమిటీ విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియులైన సంఘస్తులకు, ఊరి పెద్దలకు, హైదరాబాదులోనూ గల్ఫ్‌లోనూ ఉంటున్న మన ఊరివాళ్ళకు మందిర కమిటీ వందనాలు.

కోతల పండుగ దగ్గర పడింది కాబట్టి ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. మందిరానికి ప్రహరీ కట్టి, గేటు మీద ఆర్చి వేయిద్దామని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాం. ఈ ఏడు దాన్ని పక్కన పెట్టాం. కమిటీలో అందరికీ ఇష్టమై కాదు, గట్టిగా వాదులాడుకున్నాకే పెట్టాం. ఇప్పుడు వచ్చే కానుకలు ముందు సాయంత్రం గదికి వెళ్ళాలని తీర్మానం చేశాం.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాం. మందిరం వెనక పాత సండే స్కూల్ గది ఉంది కదా, అదే సాయంత్రం గది. బడి వదిలినప్పటి నుంచి రొయ్యల కంపెనీ బస్సులో అమ్మలు వచ్చేదాకా పేటలోని పిల్లలు, ఏటిగట్టు మీద గుడిసెల్లోని పిల్లలు అక్కడే ఉంటారు. ఇప్పుడు నలభై మంది దాకా వస్తున్నారు. ఇంటర్ పాసైన ఇద్దరు అమ్మాయిలు హోంవర్కు చేయిస్తారు. ఏడింటికి అన్నం, పప్పు. బుధవారం, శనివారం గుడ్డు. నిజానికి ఈ గది చదువు కోసం తెరిచింది కాదు. ఏడో తరగతి చదివే పిల్ల ఒకతె బడికి రావడం మానేసింది. ఎందుకు మానేశావమ్మా అంటే, "అమ్మ కంపెనీకెళ్తే చెల్లిని ఎవరు చూస్తారు?" అంది. అక్కడ మొదలైంది ఇదంతా.

ఈ పిల్లల అమ్మమ్మలు ఊడ్పులకీ కోతలకీ వెళ్ళినవాళ్ళు. ఇప్పుడు చేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి. చెరువుకి మేత వేసే మనిషి, కాపలా మనిషి ఉంటే చాలు, ఆడకూలీల అవసరం ఉండదు. మిగిలిన చేలల్లో కోత మిషన్ దిగుతోంది. బైబిల్లో రూతులాగా పరిగె ఏరుకుందామన్నా మిషన్ తిరిగిన చేలో పెద్దగా ఏమీ మిగలదు. ఇక ఆడవాళ్ళకి దొరికే పని రొయ్యల ఒలుపే. తెల్లవారకముందే బస్సెక్కుతారు. కేజీల లెక్కన కూలి కాబట్టి, గ్లౌజులుంటే చెయ్యి ఆడదని తీసేసేవాళ్ళు ఉన్నారు. ఐసు నీళ్ళలో నాని, రొయ్య ముల్లు గుచ్చుకుని వేళ్ళ చివర్లు తెల్లగా పగిలిపోతాయి. రాత్రి పసుపు, కొబ్బరినూనె రాసుకుని పడుకుంటారు. రేషన్ మిషన్ మీద వేలు పెడితే ముద్ర పడదు. చెంగుతో తుడిచి మళ్ళీ పెడతారు, ఇంకో వేలు పెడతారు, వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేశాక ఆ పనికీ గ్యారంటీ లేకుండా పోయింది. ఆర్డర్లు లేవంటే ఆ రోజు బస్సు రాదు, కూలి ఉండదు.

బళ్ళో మధ్యాహ్నం భోజనం ఉంది, అది మంచి పథకం. పైగా మన గోదావరి గట్టున లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు దానికి పెట్టారు. కానీ ఆదివారం, దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవుల్లో బడి పొయ్యి వెలగదు. రాత్రి అన్నం బడి పని కాదు. ఆ రెండూ మనం చూసుకోవాలి.

ఇక లెక్క. రోజుకి ఆరున్నర కేజీల బియ్యం పడుతోంది. 2022లో పాతిక కేజీల దాకా ప్యాకింగ్ బియ్యానికి జీఎస్టీ వేశాక షాపుల్లో బస్తా ఇరవై ఆరు కేజీలైంది చూశారూ, ఆ బస్తా మనకి నాలుగు రోజులొస్తుంది. ఆదివారాలు కూడా కలుపుకుంటే నెలకి ఏడెనిమిది బస్తాలు. ఇందులో రెండు బస్తాలు పిడికెడు బియ్యం డబ్బాల నుంచే వస్తున్నాయి. అంటే ఎసట్లో పోసేముందు మన ఆడవాళ్ళు తీసి పక్కన పెట్టినవి. ఆ డబ్బాలు నింపుతున్నవాళ్ళలో రొయ్యలు ఒలిచే తల్లులు కూడా ఉన్నారు, ఇది పెద్ద ఇళ్ళవాళ్ళు గమనించాలి. మిగతా బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, గుడ్లు, ఆ ఇద్దరు అమ్మాయిలకి ఇచ్చే కొద్దిపాటి జీతం అన్నీ చేతి డబ్బులే.

అందుకే ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చేవాళ్ళకన్నా నెలకి రెండు వందలు ఇచ్చేవాళ్ళు మాకు ఎక్కువ కావాలి. 1996 తుపానుకి, 2022 జూలై వరదకి లారీల్లో బియ్యం వచ్చాయి, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మామూలు ఫిబ్రవరి నెలలో ఎవరూ రారు. ఫ్యాను రెక్క మీద కూడా పేరు రాయించుకునే అలవాటు మనది. పప్పు గిన్నె మీద రాయించడం మా వల్ల కాదు, క్షమించాలి. ఇచ్చినవాళ్ళ పేరు, మొత్తం, ఖర్చు ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక నోటీసు బోర్డు మీద పెడతాం. ఎవరైనా వచ్చి చూడొచ్చు, నిలదీయొచ్చు.

డబ్బు విషయంలో కొన్ని సంగతులు. మనకి 80జీ లేదు, ఇన్‌కంట్యాక్స్ మినహాయింపు రాదు. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావాల్సిన ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ కూడా లేదు. కువైట్, మస్కట్, దుబాయ్‌లలో ఇళ్ళల్లో పనిచేసే మన ఆడపడుచులు భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళే కాబట్టి తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు, చట్టం దాన్ని విదేశీ విరాళంగా చూడదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు మాత్రం దయచేసి పంపకండి. ఎంత మంచి మనసుతో పంపినా చిక్కుల్లో పడేది కమిటీయే. మీ అమ్మానాన్నలు తమ డబ్బులోంచి ఇస్తే అభ్యంతరం లేదు.

గదికి వచ్చే పిల్లల్ని మతం, కులం అడగం. ప్రార్థనకి కూర్చోవాలని, బాప్తిస్మం తీసుకోవాలని షరతు లేదు. పప్పు కాచే బాధ్యత తీసుకున్న ఒక అక్క దుర్గమ్మ గుడికి వెళ్తుంది, ఆమె చేతి పప్పు బాగుంటుందన్నది పిల్లల తీర్పు. పెద్దవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు లేనిదే గది తలుపు తీయం. పిల్లలు కంచం పట్టుకుని నిలబడిన ఫొటోలు వాట్సాప్‌లో పెట్టమని కొందరు దాతలు అడుగుతున్నారు. పెట్టం. పుట్టినరోజుకి భోజనం పెట్టిస్తామంటే సంతోషం, వచ్చి వడ్డించండి. కేకు, ఉపన్యాసం అయ్యేదాకా మాత్రం ఆకలితో ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టలేం.

భర్త పోయినవాళ్ళకి ప్రభుత్వం నెలకి 4,000 పెన్షన్ ఇస్తోంది. మరణ ధ్రువపత్రం లేక, ఆధార్‌లో పేరు తప్పుపడి అది అందనివాళ్ళు మన పేటలోనే ఉన్నారు. స్త్రీల సమాజం వాళ్ళని గ్రామ సచివాలయానికి తీసుకెళ్తోంది, ఆటో ఖర్చులు కూడా ఈ నిధిలోంచే. లేసు అల్లే ముసలివాళ్ళ సంగతి కూడా ఉంది. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకేనన్న ప్రభుత్వ ముద్ర) వచ్చింది గానీ అల్లే చేతికి వచ్చే కూలి ఏమంత మారలేదు. టేబుల్ క్లాత్ కావాలంటే ఏజెంటు దగ్గర కాకుండా నేరుగా వాళ్ళ దగ్గర కొనండి, మందిరంలో అడిగితే ఇల్లు చూపిస్తారు.

రసీదు పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంటుంది, క్యూఆర్ కోడ్ మందిరం తలుపు పక్కన అతికించాం. పది రూపాయలు ఇచ్చినా రసీదు అడిగి తీసుకోండి. కళ్ళం దగ్గర బస్తా ఇస్తామనే రైతులు కబురు చేస్తే చాలు, బండి మేమే తెచ్చుకుంటాం. పాత బట్టలు వద్దు, గదిలో ఇప్పటికే రెండు మూటలున్నాయి.

ఇట్లు,
మందిర కమిటీ, స్త్రీల సమాజం