నేర్చుకోడానికి పెట్టిన ఖర్చు ఖర్చు కాదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

చిన్న బిజినెస్ పెట్టుకోండి, స్వయం ఉపాధి చూసుకోండి అని అందరూ చెప్తారు కానీ పెట్టేముందు పని నేర్చుకోడానికి అయ్యే ఫీజు గురించి ట్యాక్స్ చట్టం ఏమంటుందో ఎవరూ చెప్పరు, అందుకే ఈ ఉత్తరం.

ఒకామె కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యూనిట్ పెడదామనుకుంది అనుకోండి. మిషన్ కొంటే బిల్లు ఆడిటర్ ఫైల్లోకి వెళ్తుంది, ఏటా 15 శాతం తరుగుదల (మిషన్ అరిగినందుకు లాభంలోంచి తగ్గించే మొత్తం) రాసుకోవచ్చు. కానీ అదే మిషన్ మీద డిజైన్ ఎక్కించడం, దారం తెగకుండా టెన్షన్ సెట్ చేయడం నేర్చుకోడానికి ముందే ఒక కోర్సు చేసి ఫీజు కట్టింది కదా, ఆ రసీదు మాత్రం ఎక్కడా పనికిరాదు. అప్పటికి బిజినెస్ లేదు కాబట్టి అది సొంత ఖర్చు అంటారు. మిషన్ ఆస్తి అయినప్పుడు దాన్ని నడిపే చెయ్యి ఎందుకు కాదో నాకైతే అర్థం కాదు.

1961 ఆదాయపు పన్ను చట్టంలో 35డి అని ఒక సెక్షన్ ఉంది, బిజినెస్ మొదలవకముందు పెట్టిన కొన్ని ఖర్చుల్ని 5 సమాన భాగాలుగా 5 ఏళ్ళలో లాభంలోంచి తగ్గించుకోవచ్చు. ఆ లిస్టులో ప్రాజెక్టు రిపోర్టు ఉంది, మార్కెట్ సర్వే ఉంది, లీగల్ ఛార్జీలు ఉన్నాయి, ఓనర్ ట్రైనింగ్ మాత్రం లేదు. అంటే వేరేవాళ్ళకి డబ్బులిచ్చి రిపోర్టు రాయించుకుంటే లెక్కలోకి వస్తుంది, తనే కూర్చుని పని నేర్చుకుంటే రాదు. కంపెనీలు ప్రభుత్వం నోటిఫై చేసిన స్కిల్ ట్రైనింగ్ ప్రాజెక్టుల మీద ఖర్చు పెడితే దానికి వేరే సెక్షన్ ఉంది, ఒకప్పుడైతే ఖర్చుకి ఒకటిన్నర రెట్లు తగ్గించుకోనిచ్చారు కూడా.

బయట దేశాల్లో అంతా బాగుందని కాదు. బ్రిటన్‌లో వ్యాపారం మొదలుపెట్టకముందు 7 ఏళ్ళలోపు పెట్టిన ఖర్చుని మొదటి రోజు పెట్టినట్టుగా లెక్క కడతారు, ఇది నిజంగా మంచి పద్ధతి, కానీ అక్కడ కూడా ఉన్న వ్యాపారం కోసం కొత్త విషయాలు నేర్చుకుంటే ఒప్పుకుంటారు గానీ కొత్త వ్యాపారంలోకి దిగడానికి నేర్చుకుంటే ఒప్పుకోరు. అమెరికాలో షాపు తెరవకముందు స్టాఫ్‌కి ఇచ్చిన ట్రైనింగ్ స్టార్టప్ ఖర్చుల్లోకి వస్తుంది, 5 వేల డాలర్ల దాకా మొదటి ఏడాదే తీసేసుకోవచ్చు, ఓనర్ కొత్త వృత్తికి అర్హత తెచ్చుకునే చదువుకి మాత్రం రాదు. ఎక్కడ చూసినా ముందే స్థిరపడినవాడికే సౌకర్యం, కొత్తగా దిగేవాళ్ళే మొత్తం భరించాలి.

అదే 1961 చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద టర్నోవర్‌లో 8 శాతమో, డిజిటల్ అయితే 6 శాతమో లాభంగా చూపించేవాళ్ళకి ఈ గొడవే లేదు కదా అనొచ్చు, నిజమే, వాళ్ళకి విడిగా ఏ ఖర్చూ చూపించే పని లేదు. కానీ మొదటి ఏడాదే నష్టం వచ్చినవాళ్ళు ఆ నష్టాన్ని తర్వాతి ఏళ్ళ లాభంలోంచి తగ్గించుకోవాలంటే లెక్కల పుస్తకాలు రాసుకోవాల్సిందే, ట్రైనింగ్ ఫీజు ఎక్కువ బరువయ్యేది కూడా వాళ్ళకే.

ఇప్పుడున్న రూల్స్‌లోనే కొంచెం ఊరట ఒకటుంది, చాలామందికి తెలీదు. బిజినెస్ అంతా రెడీ అయి ఇంకా మొదటి అమ్మకం జరగకపోయినా, రెడీ అయిన తేదీ నుంచి పెట్టే మామూలు ఖర్చులు లెక్కలోకి వస్తాయని బాంబే హైకోర్టు 1954లోనే చెప్పింది. కాబట్టి మిషన్ మీద చేసే ట్రైనింగ్, పనివాళ్ళకి ఇప్పించే ట్రైనింగ్ వీలైనంతవరకు మిషన్ బిగించి అన్నీ సిద్ధమయ్యాక పెట్టుకోండి, బిల్లు బిజినెస్ పేరు మీద తీసుకోండి, డబ్బులు బ్యాంకు ద్వారానే కట్టండి.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, అందులో సెక్షన్ల నంబర్లు మారాయి. నంబర్లు మార్చినవాళ్ళు పైన చెప్పిన 35డి లాంటి లిస్టులో ఒక్క లైను కలపలేరా? బిజినెస్ పెట్టడానికి ముందు మూడేళ్ళలోపు అదే పని కోసం చేసిన కోర్సు ఫీజు, రసీదు ఉంటే, ఒక పరిమితి పెట్టి అయినా సరే, 5 ఏళ్ళలో తగ్గించుకోనివ్వాలి. బడ్జెట్‌కి ముందు ఆర్థిక శాఖ సలహాలు అడిగినప్పుడు చిన్న వ్యాపారుల సంఘాలు జీఎస్టీతో పాటు ఈ మాట కూడా రాసి పంపాలని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా.

ఇట్లు
మీ పాఠకురాలు