పశువైద్యశాలల ముందు ఫీజుల బోర్డు పెట్టాలి

సంపాదకుడికి నమస్కారం.

ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం పేరుతో ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి టీకా వేశాడు. ఉచిత టీకాలు మంచి పనే. కానీ మర్నాడు అదే కుక్కకు జ్వరం వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలో, ఎంతవుతుందో మా భీమవరం లాంటి ఊళ్లలో చెప్పే నాథుడు లేడు.

ప్రభుత్వ డాక్టర్లను తప్పుపట్టడం లేదు. గేదె ఈనలేక అవస్థ పడుతోందని ఫోనొస్తే వాళ్లు కుక్కను వదిలి అటే పరుగెత్తాలి, అదే న్యాయం. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సులు కూడా ముఖ్యంగా పాడి రైతు గుమ్మం దాకా వెళ్లడానికి పెట్టినవే. దాంతో కుక్కలూ పిల్లులూ ఉన్నవాళ్లు ప్రైవేటు క్లినిక్‌లు వెతుక్కుంటున్నారు. ఎలా వెతుకుతారంటే, కుక్కపిల్లను అమ్మినవాడిని అడుగుతారు, లేదా మందుల షాపులో అడుగుతారు. వాళ్లు చెప్పిన మనిషి అసలు డాక్టరో కాదో ఎవరూ అడగరు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరే వైద్యం చేయాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద కనిపిస్తే సగం అనుమానం తీరుతుంది.

ఇక ఖర్చు. వేలు పోసి లాబ్రడార్ పిల్లను కొనేవాళ్లు ఆ తర్వాతి ఏడాది లెక్క వేసుకోరు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, కొన్ని వారాలకు బూస్టర్లు, మూడో నెలలో రేబిస్, మధ్యలో నులిపురుగుల మందు, ఆపైన ఏటా టీకాలు. ఇవన్నీ ముందే తెలిసిన ఖర్చులు. తెలియనివి వేరే ఉన్నాయి. టీకా పడని పిల్లకు పార్వో అనే వైరస్ జబ్బు సోకితే రోజుల తరబడి సెలైన్ ఎక్కించాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్షలు, వారాల తరబడి మందులు కావాలి. బిల్లు చేతికొచ్చేదాకా అంకె తెలియదు. ఆ అంకె చూసి భయపడినవాళ్లు కొందరు కుక్కను చేపల చెరువు గట్టు మీద వదిలేసి వస్తున్నారు. తర్వాత వీధికుక్కల బెడద అని మున్సిపాలిటీ మీద ఫిర్యాదు చేసేదీ మనమే!

పెంపుడు కుక్కలకు బీమా పాలసీలు ఉన్నాయి. అయితే వయోపరిమితి ఉంటుంది, టీకాల ఖర్చు చాలావాటిలో రాదు. తీసుకునే ముందు ఈ రెండూ అడగాలి. నా మటుకు నెలకు ఐదొందలు విడిగా ఒక ఖాతాలో వేసుకోవడమే సుఖం అనిపిస్తుంది.

రాత్రిళ్లు మరీ కష్టం. డాక్టరు దొరక్క, ఇంట్లో ఉన్న పారాసెటమాల్ బిళ్ల అరగదీసి పిల్లికి పట్టేవాళ్లున్నారు. పిల్లికి అది విషం, ప్రాణం తీస్తుంది. నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్ కుక్కలకూ ప్రమాదమే. ఫోన్లో ఒక్క డాక్టరు పలికినా ఇలాంటివి ఆగుతాయి.

పశుసంవర్ధక శాఖను కోరేది ఒక్క బోర్డు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు క్లినిక్ అయినా బయట డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, చూసే వేళలు, ఫీజు, టీకాల ధరలు తెలుగులో రాయించాలి. ఊళ్లోని డాక్టర్లంతా వంతులు వేసుకుంటే ఆ రాత్రి ఎవరు పలుకుతారో కూడా దాని మీదే రాయవచ్చు. ఆపరేషన్ కావలసినప్పుడు విజయవాడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకు వెళ్లాలా, గన్నవరం పశువైద్య కళాశాలకు వెళ్లాలా, ఏ వేళకు వెళ్తే చూస్తారు అన్నది కింద ఒక వరుసలో ఉంటే, కారు మాట్లాడుకుని అంతదూరం వెళ్లి తిరిగొచ్చే బాధ తప్పుతుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టులూ అక్కర్లేదు. రాత్రికి అదనపు ఫీజు తీసుకున్నా మాకు అభ్యంతరం లేదు. అది ఎంత అన్నది ముందే రాసి ఉండాలి, అంతే.

– ఒక పాఠకురాలు, భీమవరం