లారీ క్యాబిన్‌కు సోలార్: ముందు లెక్క, తర్వాతే కొనుగోలు

సంపాదకులకు,

రాత్రి హైవే పక్కన ఆగిన లారీల్లో ఫ్యాన్, ఫ్రిజ్ ఇంజిన్ బ్యాటరీతోనే నడుపుతున్నారు. తెల్లారేసరికి బండి స్టార్ట్ కాదు. పడక క్యాబిన్‌కు విడిగా సోలార్ పెట్టేవారు ముందు వాట్-అవర్లు, అంటే వాట్లను వాడే గంటలతో గుణిస్తే వచ్చే వాడకం, లెక్కేయాలి. 20 వాట్ల ఫ్యాన్ 10 గంటలకు 200, చిన్న డీసీ ఫ్రిజ్‌కు రోజుకు సుమారు 500, లైట్లు, ఫోన్లకు 100, మొత్తం 800. ఇందుకు 25.6 వోల్టుల, 50 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ (1280 వాట్-అవర్లు) చాలు. దుమ్ము, వేడి వల్ల పోయేది కూడా కలుపుకుంటే ప్యానెళ్లు 300 వాట్లు ఉండాలి. 150 వాట్లవి రెండు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపి, 20 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్‌కు, అంటే ప్యానెల్ కరెంటును బ్యాటరీకి సరిపడేలా మార్చే పెట్టెకు, ఇవ్వాలి. ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్ కలపాలి.

అసలు ప్రమాదం ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ దగ్గర. లిథియం బ్యాటరీని దానికి నేరుగా కలిపితే మితిమీరి కరెంటు లాగుతుంది, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. మధ్యలో కరెంటును హద్దులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. లేకపోతే వైరు ఒరుసుకుపోయి షార్టయిన రోజు పడక కిందే మంట.

ఇండక్షన్ పొయ్యి మాత్రం వద్దు. 1500 వాట్ల పొయ్యి అరగంటలో 750 వాట్-అవర్లు మింగేస్తుంది.

బాడీ కట్టే షెడ్లవారు వైరింగ్ పటం, ఫ్యూజుల రేటింగ్ రాసి డ్రైవర్ చేతికివ్వాలని కోరుతున్నాం.

– ఆటో ఎలక్ట్రీషియన్లు, విజయవాడ