సగం కట్టుకోవడమే మా తప్పా?

సంపాదకుల వారికి నమస్కారం.

మాది కోనసీమలో మూడు వందల గడప దాటని ఊరు. ఊరికి ఉత్తరాన మురుగు కాలవ పక్కన ముప్పై సెంట్ల శ్మశానం ఉంది. ఉందన్న మాటే గాని, సార్వా నాట్లు పడ్డాక అక్కడికి వెళ్లే పుంత దారి కూడా బురదైపోతుంది. పాడె మోసేవాళ్లు చేను గట్ల మీద నడవాలి. వానాకాలంలో ఊళ్లో ఎవరైనా పోతే ఏడవడానికి ముందు టెన్షన్ పట్టుకుంటుంది. ఎండు కట్టెలు ఎవరింట్లో ఉన్నాయి, చితి కింద నీరు చేరకుండా ఏం వెయ్యాలి అని. రెండేళ్ల కిందట ఆగస్టులో మా వీధి పెద్దాయన కాలం చేసినప్పుడు నిప్పు అంటుకునే దాకా నలుగురు బరకం నాలుగు మూలలా పట్టుకుని జోరువానలో నిలబడ్డారు. కింద పాత టైర్లు, పైన డీజిలు. నిప్పు పెట్టిన కొడుకే మళ్లీ వచ్చి ఒక మూల పట్టుకున్నాడు. అది చూసిన వాళ్లెవరికీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ తర్వాతి వారం రామాలయం అరుగు మీద కూర్చుని, షెడ్డు మనమే వేసుకుందాం అనుకున్నాం. నేను సహకార సంఘంలో గుమస్తాగా చేసి రిటైరయ్యాను కాబట్టి పద్దు నా చేతికిచ్చారు.

ఆ పద్దు ప్రకారం వచ్చిన చందాలు 2,86,500 రూపాయలు. పెద్ద మొత్తం ఇచ్చిన వాళ్లు ఎవరూ లేరు. కొబ్బరి దింపు తీసినప్పుడల్లా రైతులు ఇచ్చిన ఐదొందలు, వెయ్యి. మస్కట్‌లో ఇళ్లలో పనిచేసుకునే మా ఊరి అమ్మాయిలు ఇద్దరు పంపిన చెరో ఐదు వేలు. డ్వాక్రా సంఘాల వాళ్లు తలా కొంత వేసుకుని ఇచ్చింది. ఇసుక ఒకరిది, ట్రాక్టరు ఒకరిది. కూలి ఇచ్చింది మేస్త్రీ ఒక్కడికే, అదీ సగం కూలి. మట్టి మోయడం, ఇనుము వంచడం, కాంక్రీటు కలపడం అంతా ఊరివాళ్లే. ఏ రోజు ఎవరు వచ్చారో సంతకాలతో సహా రాసి పెట్టాను. మొత్తం 340 పనిదినాలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ లెక్కన కట్టినా మా వాళ్ల చెమట విలువ 1,04,380 రూపాయలు. ఇది ఏ ప్రభుత్వ కాగితంలోనూ లేదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మా ఊళ్లో పేటకో శ్మశానం ఉండేది. షెడ్డు ఒక్కటే, అందరికీ అదే అన్నప్పుడు కొన్ని సణుగుళ్లు వచ్చాయి. సణిగిన వాళ్లలో చాలామంది తర్వాత పనిలోకి దిగి మట్టి బుట్టలు అందించారు. ఇద్దరు మాత్రం రాలేదు, ఇప్పటికీ రారు. సరే.

డెల్టా నేల సంగతి మీకు తెలియనిది కాదు. రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. నల్లమట్టి తీసి ఇసుక నింపి పునాది లేపేసరికి మా డబ్బులో సగం భూమి లోపలే పోయింది. ఎనిమిది స్తంభాలు లేచాయి, చితి గద్దె అయింది, పైకప్పు దగ్గర ఆగిపోయాం. ఇనుప ట్రస్సులకీ రేకులకీ, పుంత మీద గ్రావెల్‌కీ కలిపి లక్షా అరవై వేలు కావాలన్నాడు మేస్త్రీ. అప్పుడు ఒక ఆఫీసుకి వెళ్లాం. ఏ ఆఫీసో ఎందుకు లెండి.

అక్కడి ఇంజినీరు గారు పద్దు పుస్తకమంతా ఓపిగ్గా చూశారు. చూసి, "మొదలుపెట్టక ముందు వచ్చి ఉంటే కొత్త పనిగా ఎస్టిమేట్ వేసి పంపేవాణ్ణి. ఇప్పుడు సగం మీరే కట్టేశారు. దీన్ని ఎం-బుక్‌లో నేనెలా ఎక్కించను?" అన్నారు. ఎం-బుక్ అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం. ఆయన మంచివాడే, టీ కూడా తెప్పించారు. బయటికొచ్చాక అటెండరు, "పోనీ ఆ స్తంభాలు పీకేసి రండి బాబూ" అన్నాడు. అందరం నవ్వాం. ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చి నిబంధనలు చదివితే ఆయన చెప్పింది నిజమే. 1993లో మొదలైన ఎంపీ ల్యాడ్స్‌లో, అంటే ఎంపీలు స్థానిక పనులకి సిఫారసు చేసే నిధుల పథకంలో, ఒక్కో పార్లమెంటు సభ్యుడికి ఇప్పుడు ఏడాదికి 5 కోట్లు. దాని 2016 మార్గదర్శకాల్లో చేయకూడని పనుల జాబితా ఒకటి ఉండేది. పూర్తయిన పనికి గాని, కొంత అయిన పనికి గాని డబ్బు తిరిగి ఇవ్వడం ఆ జాబితాలోనే ఉండేది. ఆ నిబంధన ఎందుకొచ్చిందో కూడా అర్థమవుతుంది. పాత కల్వర్టుకి సున్నం వేసి కొత్త బిల్లు పెట్టే వాళ్లున్న దేశంలో ఆ తలుపు మూసి ఉంచాల్సిందే. దొంగ కోసం మూసిన తలుపు మాకూ మూసుకుపోయింది, అంతే. మేము అయిన పనికి డబ్బు అడగలేదు కదా, కాని పనికి అడిగాం.

పంచాయతీ డబ్బు ఉంటుంది కదా అనవచ్చు. 2021-26కి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టి ఇచ్చారు. మిగిలిన 40 శాతంలోనే మిగతా అవసరాలన్నీ చూసుకోవాల్సి వచ్చింది. మా లాంటి చిన్న పంచాయతీకి వచ్చేదే తక్కువ. వచ్చిన గ్రాంటు కూడా కరెంటు బకాయిల కింద పోయిందని సర్పంచులు రోడ్డెక్కడం మీ పత్రికలోనే చదివాం. మా సర్పంచి గారు చందా ఇచ్చింది సొంత జేబులోంచి.

మనుషుల శ్రమని వాటాగా లెక్కకట్టడం ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ఊరి లోపలి పనుల ఖర్చులో 10 శాతం గ్రామస్థులు పెట్టుకోవాలన్నారు. ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉన్న ఊళ్లలో 5 శాతం. అది డబ్బుగా ఇవ్వొచ్చు, సామానుగా ఇవ్వొచ్చు, ఒళ్లొంచి పనిచేసి ఇవ్వొచ్చు అని మార్గదర్శకాల్లోనే రాశారు. కుళాయి గొట్టం కోసం తవ్విన గుంత లెక్కలోకి వస్తే శ్మశానం గద్దె కోసం తవ్విన గుంత ఎందుకు రాదు? తమిళనాడులో 'నమక్కు నామే' అనే పథకం ఉంది. ప్రజలు కనీసం మూడో వంతు పెట్టుకుంటే మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. మా అన్నయ్య కొడుకు అమెరికాలో ఉంటాడు. వాణ్ణి అడిగితే అక్కడి కేంద్ర గ్రాంట్ల నిబంధనలు పంపాడు. వలంటీర్లు చేసిన పనికి, అదే పనికి బయట ఇచ్చే కూలి రేటు కట్టి స్థానికుల వాటాగా చూపించుకోవచ్చని అందులో ఉంది. వాడు పంపిన ఆ కాగితం నాకు సగమే అర్థమైంది గాని, ఆ ఒక్క ముక్క మాత్రం బాగా అర్థమైంది.

మన దగ్గర ఇలాంటిది అసలు జరగలేదని కాదు. 1997 జనవరిలో జన్మభూమి మొదలైనప్పుడు మా ఊళ్లోనూ శ్రమదానం చేశాం. మొదటి విడతలో బోదెలు బాగు చేసినప్పుడు నిజంగానే ఊరంతా వచ్చింది. రెండు మూడు విడతలయ్యేసరికి మా ఊళ్లో ప్రజల వాటా కూడా కాంట్రాక్టరే కట్టేయడం, దాన్ని సిమెంటులో మిగుల్చుకోవడం అలవాటైంది. అప్పుడు వేసిన ఒక రోడ్డు మూడో వానకే కొట్టుకుపోయింది. ఇది చెబితే నా మాటకు నేనే అడ్డం కొట్టుకున్నట్టు ఉంటుందని మా వాళ్లు అన్నారు. కానీ ఆ పాఠం వదిలేసి మళ్లీ పథకం అడిగితే మళ్లీ అదే జరుగుతుంది.

అందుకని నేను అడిగేది పెద్ద పథకం కాదు. మండల స్థాయిలో చిన్న నిధి. ఒక్కో పనికి రెండు, మూడు లక్షలకు మించకూడదు. శ్మశానం షెడ్డు, రేవు మెట్లు, బస్సు ఆగే చోట నీడ, చదువుకునే గది, ఇలాంటి వాటికే. వంతెనలు మాత్రం దీనిలోకి తేవద్దు. పి.గన్నవరం మండలంలో గంటిపెదపూడి దగ్గర వరద వచ్చిన ప్రతిసారీ లంక ఊళ్ల వాళ్లు పడవలెక్కి దాటుతూ వచ్చారు. అక్కడ చందాలు వేసుకోండి అనడం సిగ్గుమాలిన మాట. అది ప్రభుత్వమే చేయాల్సిన పని.

గ్రామసభలో తీర్మానం చేసి పని మొదలుపెట్టే రోజునే పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు ఒకసారి వచ్చి పునాది గుంత చూసి, కొలిచి, ఫొటో తీసుకుని వెళ్లాలి. దానితో ఎం-బుక్ గొడవ తీరిపోతుంది, పాత పనికి కొత్త బిల్లు పెట్టే వీలూ పోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. మా స్తంభాల్లో ఇనుము సరిపోయిందో లేదో చెప్పగలిగిన వాడు మా ఊళ్లో మేస్త్రీ ఒక్కడే. తుపాన్లు వచ్చే చోట అది చాలదు. 1996 నవంబరు 6 రాత్రి గాలికి కొబ్బరి తోటలు పడిపోవడం చూసినవాణ్ణి, రేకుల షెడ్డు అంటే నాకు భయమే.

హాజరు పుస్తకాన్ని పంచాయతీ కార్యదర్శి వారం వారం సంతకం పెట్టి ధ్రువీకరిస్తే చాలు, మా శ్రమకి ఉపాధి హామీ రేటు కట్టుకోవచ్చు. గ్రాంటు మాత్రం పనంతా అయ్యే దాకా ఆపకుండా మధ్యలోనే కొంత ఇవ్వాలి. కాంట్రాక్టరైతే అప్పు తెచ్చి పని చేసి బిల్లు కోసం ఏడాది ఆగగలడు. చందాలతో కట్టేవాళ్లకి అప్పు ఎవరిస్తారు? స్తంభాలు లేచాక గ్రాంటులో సగం, కప్పు పడ్డాక మిగతా సగం ఇచ్చినా మాకు సరిపోతుంది. ఇచ్చే ముందు ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టమనండి. ఊళ్లో ఏ పేట వాళ్లయినా దాన్ని వాడుకుంటారని గ్రామసభలో అందరి ఎదుటా రాసివ్వాలి. మా ఊళ్లో ఆ షరతు ముందే ఉండి ఉంటే నాకు చాలా మాటలు పడే బాధ తప్పేది.

నిర్వహణ ఎవరిది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెమటోడ్చి కట్టుకున్న దాన్ని ఊరు చూసుకుంటుందని పుస్తకాల్లో రాస్తారు గాని, నాకు అంత నమ్మకం లేదు. మొదటి రెండేళ్లు చూసుకుంటారు, తర్వాత గడ్డి మొలుస్తుంది. ఏటా దసరా ముందు ఒక రోజు శుభ్రం చేయడానికీ, ఐదేళ్లకోసారి రేకులకి రంగు వేయడానికీ పంచాయతీ బడ్జెట్‌లో ఐదారు వేలు విడిగా రాసి పెట్టుకోవాలి. అంతకు మించి దీనికి అయ్యే ఖర్చేమీ లేదు.

ప్రస్తుతం మా ఎనిమిది స్తంభాల మీద కాకులు వాలుతున్నాయి. పైకి వదిలిన ఊచలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి ప్లాస్టిక్ సంచులు కట్టాం. మేస్త్రీ వచ్చే దాళ్వా (రెండో పంట) కోతలయ్యే దాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత అతను హైదరాబాదు పనులకి వెళ్లిపోతాడు. పద్దు పుస్తకం, హాజరు పుస్తకం, మేస్త్రీ రాసిచ్చిన లెక్క నా దగ్గరే ఉన్నాయి. ఏఈ గారు గాని, ఎంపీడీవో గారు గాని ఏ రోజు వచ్చినా చూపిస్తాను. పుంత ఎండి ఉన్నప్పుడు వస్తే బండి శ్మశానం దాకా వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోనసీమ