తలపాగా తీస్తే తీరిపోయే సమస్య కాదిది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఎన్నారై పేజీలో అమెరికా వచ్చే విద్యార్థులకు రాసిన జాగ్రత్తలు చదివాను. రాత్రిపూట ఒంటరిగా తిరగొద్దు, ఎవరైనా రెచ్చగొడితే వాదన పెట్టుకోవద్దు అన్నవి మంచి మాటలే. మా ఇంట్లో పిల్లలకు మేమూ చెబుతాం. కానీ నలుగురిలో తెలుగు మాట్లాడొద్దని, సిక్కుల మీద దాడులు జరిగేది వాళ్లు వేరుగా కనిపిస్తారు కాబట్టేనని, మనం అలా కనిపించకుండా ఉంటే గొడవే ఉండదని కూడా అందులో ఉంది. నేను వాషింగ్టన్ రాష్ట్రంలోని బోథెల్‌లో ఉంటున్నాను. సియాటిల్ చుట్టుపక్కల సిక్కు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ సలహా చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇలాంటి మాట పత్రికలో రావడం కొత్త కావచ్చు కానీ మనవాళ్ల నోట వినడం కొత్త కాదు. అమీర్‌పేట గురుద్వారా ముందు నుంచి ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు కూడా ఇక్కడికి వచ్చాక, "ఆ పగిడీ తీసేస్తే సరిపోతుందిగా" అని తేలిగ్గా అనేస్తారు. జుట్టు కత్తిరించకపోవడం, దాన్ని తలపాగాతో కప్పుకోవడం సిక్కుకు దీక్షలో భాగం. ఎండకు పెట్టుకుని నీడలో తీసేసే టోపీ కాదు. తీసేయమనడమంటే నీ మతం ఇంట్లో పెట్టి రా అనడమే.

పోనీ, కలిసిపోతే ప్రాణానికి భరోసా ఉందా? 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పుడు ఆయన తలకు పాగా లేదు. ఆఫీసు అయ్యాక స్నేహితుడితో బార్‌లో కూర్చున్నారు, అందరిలాగే. కాల్చినవాడు వాళ్లను ఇరాన్ దేశస్థులనుకున్నాడు. 'నా దేశం నుంచి పొండి' అని అరిచాడు. పది రోజులు తిరక్కుండానే, మార్చి 3న, మా సియాటిల్‌కు దక్షిణాన ఉన్న కెంట్‌లో ఒక సిక్కు తన ఇంటి ముందు కారు చూసుకుంటుంటే ఒకడు వచ్చి 'నీ దేశానికి పో' అని చేతి మీద కాల్చాడు. ఒకరికి పాగా ఉంది, ఒకరికి లేదు. తిట్టు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. అప్పుడే మన సంఘాల వాళ్లు బయట మాతృభాషలో మాట్లాడొద్దని సలహాలిచ్చారు. భయంలో ఇచ్చిన సలహా అది, అర్థం చేసుకోగలను. ఇన్నేళ్లయినా అక్కడే ఉండిపోవడమే నాకు బాధ.

సిక్కులకు ఈ దేశంలో దాక్కునే వీలు ఎప్పుడూ లేదు. బోథెల్ నుంచి ఉత్తరంగా గంటన్నర పోతే బెల్లింగ్‌హామ్ వస్తుంది. 1907 సెప్టెంబర్ 4 రాత్రి అక్కడి కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీల గదుల మీద వందల మంది తెల్ల కార్మికులు పడ్డారు. కొట్టారు, సామాను బయటికి విసిరారు, చాలామందిని తీసుకెళ్లి సిటీ హాల్ కింది అంతస్తులో పెట్టారు. కొద్ది రోజుల్లో ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు. దాడి చేసినవాళ్లలో ఒక్కరికీ శిక్ష పడలేదు. దెబ్బలు తిన్నవాళ్లలో ఎక్కువమంది సిక్కులే అయినా ఆనాటి పత్రికలు అందరినీ 'హిందువులు' అనే రాశాయి. ఎవరు ఏమిటన్నది కొట్టేవాడికి అప్పుడూ పట్టలేదు. 2018లో అదే ఊళ్లో ఎర్ర గ్రానైటుతో ఒక తోరణం కట్టారు. సియాటిల్‌లో ఉండే మన పిల్లల్లో ఎంతమందికి దాని సంగతి తెలుసో నాకు అనుమానమే.

పంజాబ్ నుంచి వచ్చిన సిక్కు భగత్ సింగ్ థింద్ కథ కూడా ఈ రాష్ట్రంలోనే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇక్కడి క్యాంప్ లూయిస్‌లో అమెరికా సైనికుడు ఆయన, తలపాగాతోనే. 1918 డిసెంబర్‌లో యూనిఫాంలో వెళ్లి పౌరసత్వం తీసుకున్నారు. తెల్లవాడు కాదని నాలుగు రోజుల్లో లాగేసుకున్నారు. మళ్లీ ఆరిగన్‌లో తెచ్చుకుంటే ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో తీర్పు వచ్చింది. అప్పటికే పౌరులైన భారతీయులు పదుల మంది, ఏ మతం వాళ్లయినా, దాంతో పౌరసత్వం పోగొట్టుకున్నారు. థింద్‌కు చివరికి 1936లో, మాజీ సైనికుడిగా దక్కింది. మనందరికీ ఆ తలుపు తెరుచుకున్నది 1946 చట్టంతో. ఓడిపోయిన కేసు కదా అనిపించవచ్చు. కానీ అన్యాయం కోర్టు కాగితాల మీదికి ఎక్కింది. ఊరి నుంచి తరిమేసినట్టు చడీచప్పుడు లేకుండా పోలేదు.

అన్యాయం అలా కాగితం మీదికి ఎక్కడం ఎంత ముఖ్యమో ఓక్ క్రీక్‌లో తెలిసింది. 2012 ఆగస్టు 5, ఆదివారం. విస్కాన్సిన్‌లోని ఆ ఊరి గురుద్వారాలో లంగర్‌కు, అంటే అందరికీ ఉచితంగా పెట్టే భోజనానికి, వంట సాగుతోంది. తెల్లజాతి దురహంకారి ఒకడు తుపాకీతో వచ్చి ఆరుగురిని చంపాడు. గాయాలతో మంచాన పడిన ఏడో మనిషి 2020లో కన్నుమూశారు. చనిపోయిన తల్లి ఒకామెకు 18 ఏళ్ల కొడుకు. నెలన్నర తిరక్కుండా ఆ కుర్రాడు సెనేట్ కమిటీ ముందు కూర్చున్నాడు. అక్కడ అతను అడిగింది మా అమ్మను కనీసం లెక్కలోకి తీసుకోండి అని. ఎందుకంటే అప్పటిదాకా ఎఫ్‌బీఐ ద్వేష నేరాల (హేట్ క్రైమ్) ఫారంలో సిక్కు అన్న గడే లేదు. హిందువుకూ లేదు, అరబ్బుకూ లేదు. సిక్కు సంఘాలు గట్టిగా పట్టుబట్టాయి, హిందూ, అరబ్ సంఘాలూ కలిశాయి. 2015 నుంచి ఆ గడులు వచ్చాయి. అప్పటి నుంచి మతం పేరుతో జరిగే దాడుల లెక్కల్లో సిక్కులు ముందు వరుసలోనే కనిపిస్తున్నారు. గుడి గోడల మీద రాతలు రాసినప్పుడు మనం ఈరోజు 'హిందూ వ్యతిరేక నేరం' కింద నమోదు చేయమని అడగగలుగుతున్నాం అంటే ఆ పట్టుదల వల్లే. మీ పేజీలో నాకు కనిపించనిది ఇదే.

సైన్యంలో పాగాకు మినహాయింపు తెచ్చుకోవడం చాలా కష్టంగా ఉండేది, 2017 జనవరిలో దాన్ని సులభం చేస్తూ నిబంధన వచ్చింది. అమెరికా మెరైన్ దళం శిక్షణలో గడ్డం, పాగా ఉంచుకోవడానికి ఇద్దరు సిక్కు యువకులకు 2022 డిసెంబర్‌లో అప్పీళ్ల కోర్టు అనుమతించింది. డ్రగ్ టెస్టుకు జుట్టు కత్తిరించి ఇస్తేనే ఉద్యోగం అన్న ట్రక్కు కంపెనీ 2016లో నలుగురు సిక్కు డ్రైవర్ల విషయంలో 2,60,000 డాలర్లకు రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. ఏదీ దానంతట అది రాలేదు.

జరిగింది రాతలో పెట్టి పట్టుబట్టే ఈ పద్ధతి నేను దగ్గర్నుంచి చూశాను. మా అమ్మాయి క్లాసులో ఒక సిక్కు అబ్బాయి ఉండేవాడు. చిన్నపిల్లలు కట్టుకునే పట్కా ఉంటుందే, బస్సులో ఎవరో దాన్ని లాగేశారు. పిల్లల ఆట అని స్కూలు వాళ్లు సర్దేయబోయారు. ఆ తండ్రి ఒక్క కేక వేయలేదు. నీలం ఫైలు ఒకటి పెట్టాడు. ఫోన్‌లో మాట్లాడినా ఇంటికొచ్చి 'మనం ఈరోజు ఇలా అనుకున్నాం' అని అదే విషయం ఈమెయిల్ పెట్టేవాడు. ఏ తేదీ, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు, అన్నీ అందులో ఉండేవి. "బెహన్‌జీ, మీ పాపను ఎవరైనా ఏమన్నా అంటే ఆ రోజే రాసి పెట్టండి" అన్నాడు నాతో. చివరికి బస్సులో సీట్లు మార్చారు, టీచర్లకు సిక్కు మతం గురించి చెప్పించారు, జరిగింది వేధింపేనని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. మనమైతే స్కూలు మార్పిస్తాం.

ఇప్పుడు మళ్లీ టెన్షన్‌గా ఉంది. 2025 ఆగస్టులో ఫ్లోరిడాలో ఒక సిక్కు డ్రైవర్ నడిపిన ట్రక్కు ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు. అతని తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది. కానీ తలపాగా ఉన్న ప్రతి డ్రైవర్‌నూ అనుమానంగా చూడటం ఆ వారమే మొదలైంది. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా నవ్వుకుంటూ పంచుకున్న వీడియోలు చూశాను, మనసు విరిగిపోయింది. ఎవరో ఒక కన్సల్టెన్సీ దొంగ రెజ్యూమేలు పెడితే తెలుగువాళ్లందరినీ అన్న రోజు మనకు ఎలా ఉంటుందో మర్చిపోయామా?

రెంటన్ గురుద్వారా లంగర్‌లో ఏ ఆదివారమైనా చూడండి. గుమ్మం దగ్గర బుట్టలోంచి కాషాయం రుమాలు తీసి తలకు కట్టుకుని, కొత్తగా వచ్చిన మన ఎంఎస్ పిల్లలు వరసలో కింద కూర్చుని ఉంటారు. పెద్దావిడ "పర్షాదా జీ" అంటూ వస్తే రెండు చేతులూ చాపి రొట్టె అందుకుంటారు. ఎవరు నువ్వని అక్కడ ఎవరూ అడగరు. తిని వచ్చేస్తున్నాం, వాళ్ల కష్టం వచ్చినప్పుడు మాత్రం మన సంఘాల పేరు మీద ఒక్క ఉత్తరం వెళ్లదు. ఎండాకాలం మహాసభలకు సినిమా తారలను పిలిపించే సంఘాలు, పౌరహక్కుల కేసులు వాదించే ఒక సిక్కు లాయర్‌ను గంటసేపు పిలవలేవా?

మీకు నా విన్నపం ఇది. అదే పేజీలో, అంతే చోటులో, దాడి జరిగితే ఏం చేయాలో కూడా వేయండి. అత్యవసర నంబర్ 911కు ఫోన్ చేయాలి. దాడి చేసినవాడు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు పోలీసుకు చెప్పాలి. ద్వేష నేరంగా రాయమని నోరు తెరిచి అడగాలి, రిపోర్టు నంబర్ తీసుకోవాలి. ఎఫ్‌బీఐకి ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో విడిగా ఫిర్యాదు చేయొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకూ ఆ హక్కు ఉంది. తెలుగు మాట్లాడొద్దన్న వాక్యం మాత్రం తీసేయండి. పిల్లలు ఆగస్టులో బయల్దేరతారు కాబట్టి జులై లోపు వస్తే మేలు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బోథెల్, వాషింగ్టన్ రాష్ట్రం