రేకు పెట్టె మీది అక్షరాలు

చిరంజీవి చిట్టికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నాన్న, మామ్మ, నేను క్షేమం. మామ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

దసరా సెలవులు ముగించుకుని నువ్వు విశాఖపట్నం వెళ్లి తొమ్మిది రోజులైంది. బయలుదేరే ముందు రోజు రాత్రి పెరట్లో చేతులు కడుక్కుంటూ, నా ముఖం చూడకుండా, “అమ్మా, నేను అక్కడి మనిషిని కాదనిపిస్తోంది” అన్నావు. “అన్నీ సర్దుకుంటాయిలే” అని నాన్న అంటే తల ఊపి లోపలికి వెళ్లిపోయావు గానీ, ఆ ఓదార్పు నీ దాకా రాలేదని నాకు అర్థమైంది. నేను మాత్రం ఆ రాత్రి ఏమీ మాట్లాడలేకపోయాను. చెప్పవలసింది చాలా ఉంది, చెబుతూ ఉంటే నడుమ గొంతు పూడుకుపోతుందన్న భయమూ ఉంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పాతికేళ్లుగా ఊరివాళ్ల ఉత్తరాల మీద తేదీ ముద్ర వేస్తున్న నేను నీకు ఉత్తరం రాయటం ఇదే మొదటిసారి.

సెలవుల్లో నువ్వు విడివిడిగా చెప్పిన మాటలన్నీ నేను గుర్తుపెట్టుకున్నాను. క్లాసులో ఎవరైనా ప్రశ్న అడిగితే మిగతావాళ్లు గడియారం వైపు చూస్తారన్నావు. లెక్చరర్లు స్లైడ్లు చదివి వెళ్లిపోతారనీ, అసైన్‌మెంట్లు ఒకరు రాస్తే పదిమంది దించుకుంటారనీ, డెబ్బై ఐదు శాతం అటెండెన్స్ నిండిందా లేదా అన్న లెక్క తప్ప ఎవరికీ వేరే లెక్క పట్టదనీ, మూడు పూటలా మెస్‌లో ప్యాకేజీల మాటేననీ అన్నావు. ఇంకో రోజు, వత్తులు చేస్తున్న మామ్మ పక్కన కూర్చుని, నీ గదిలో పిల్లలు నువ్వు మన శ్రీకాకుళం యాసలో “ఏటి”, “బేగి” అన్నప్పుడల్లా ఆ మాటను సాగదీసి తిరిగి అంటారనీ, ఫోనులో నాతో మాట్లాడాలంటే వరండా చివరికి వెళ్లి మాట్లాడుతున్నాననీ నెమ్మదిగా చెప్పావు. ఈ రెండూ వేర్వేరు బాధలు తల్లీ. వాటిని ఒకే మూటలో కట్టి “యూనివర్సిటీ నాకు పడలేదు” అని పేరు పెట్టుకుంటున్నావేమోనని నా దిగులు. ఆ దిగులు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే, ఇంతకాలం నీకు చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

ఇంటర్ తరువాత తాతగారికి ఆరోగ్యం బాగాలేక నన్ను చదివించలేకపోయారని నువ్వు అనుకుంటున్నావు. ఎవరైనా అడిగితే ఇంట్లో అందరం అలాగే చెబుతూ వచ్చాం. అది నిజం కాదు. 1994లో నేను విశాఖపట్నంలో బి.యస్సీ. గణితంలో చేరాను. ఏ కాలేజీయో ఇక్కడ రాయను, తప్పు ఆ ఒక్క కాలేజీదే అనుకోవటం న్యాయం కాదు. ఏడాదికి పైగా ఆ హాస్టల్లో ఉన్నాను. తాత టెక్కలిలో బోర్డులు రాసే పెయింటరు చేత, కొత్త ఆకుపచ్చ రేకు పెట్టె మూత మీద తెల్ల రంగుతో నా పేరు, దాని కింద బి.యస్సీ. అని, దాని కింద కాలేజీ పేరు రాయించి, రంగు ఆరేదాకా కొట్టు ముందే నిలబడ్డారు.

మొదటి నెలలోనే ఒక రోజు బోర్డు మీద వేసిన లెక్కలో ఒక మెట్టు నాకు అర్థం కాక, లేచి నిలబడి, “సార్, ఇది ఏటండి, ఎలాగొచ్చింది?” అని అడిగాను. క్లాసంతా నవ్వింది. ఆయన కూడా చిన్నగా నవ్వి “ఏటండి” అని ఒకసారి పలికి, లెక్క మాత్రం మళ్లీ చెప్పకుండా ముందుకు సాగిపోయారు. జరిగింది అంతే. ఎవరూ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆ మరునాటి నుంచి నేను చివరి బెంచీకి మారాను. మారిన తరువాత బోర్డు సరిగా కనపడేది కాదు. కనపడనిది అర్థమయ్యేది కాదు, అర్థం కానిది అడగటానికి నోరు లేచేది కాదు. రెండో సంవత్సరం దసరాకు ముందు తాతకు ఉత్తరం రాశాను: ఇక్కడ చదువు బాగాలేదు, లెక్చరర్లు సరిగా రావటం లేదు, డబ్బు దండగ, నేను ఇంటికి వచ్చేస్తాను అని. లెక్చరర్లు కొందరు నిజంగానే సరిగా వచ్చేవారు కాదు, కాబట్టి ఉత్తరంలో ఉన్నది పూర్తిగా అబద్ధం అని కూడా అనలేను. కానీ నేను వచ్చేసింది అందుకు కాదు. సిగ్గుకు విసుగు అని పేరు పెట్టుకుని వచ్చేశాను. తాత నా మాట నమ్మి, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, పలాస ప్యాసింజరులో వచ్చి, ఆ పెట్టెను భుజం మీద పెట్టుకుని స్టేషన్ దాకా నడిచారు.

ఇంటికి వచ్చిన వారం రోజులకు, ఎవరూ లేని ఒక మధ్యాహ్నం, చాకు మొనతో ఆ కాలేజీ పేరు గీకేశాను. తెల్ల రంగు పోయింది గానీ, ఆ రంగు కింద ఎండ తగలకుండా ఉండిపోయిన ఆకుపచ్చ ముదురుగానే మిగిలింది. కిటికీ వెలుతురు పక్కవాటుగా పడితే ఆ అక్షరాలు ఇప్పటికీ చదవవచ్చు. నీకు నాలుగేళ్లప్పుడు ఆ గీతల మీద వేలితో రాసుకుంటూ “ఇది ఏం రాశారమ్మా?” అని అడిగావు. పాత పెట్టెలే అని చెప్పి, పైన దుప్పటి పరిచాను. ఆ దుప్పటి ఇన్నేళ్లూ అలాగే ఉంది. నిన్న తీశాను.

ఆ తరువాతి సంగతులు నీకు తెలిసినవే. పెళ్లి, ఈ ఊరు, 2001లో బ్రాంచి పోస్టు మాస్టరు ఉద్యోగం. వీటిలో దేన్నీ నేను తక్కువగా చూడను, నువ్వు నాకు దక్కింది ఈ దారిలోనే. అయినా ఒక రోజు సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే ఒక ముసలామె రికరింగ్ డిపాజిట్ పుస్తకం పట్టుకొచ్చి, “మూడేసి నెల్లకి వడ్డీ మీద వడ్డీ అంటే ఏటమ్మా?” అని అడిగింది. ఆమె వేళ్లన్నీ జీడి రసానికి నల్లబడి ఉన్నాయి. బల్ల మీద జీడిగింజలు పేర్చి, వాటికి పిల్లలు, ఆ పిల్లలకు మళ్లీ పిల్లలు అంటూ ఆమె భాషలోనే చెప్పుకుంటూ పోయాను. ఆమె మొహం విప్పారిన క్షణంలో, ఎన్నో ఏళ్లుగా మరిచిపోయిన సంతోషం ఒకటి నా ఒంట్లో కదిలింది. లెక్క అంటే నాకు ఎప్పుడూ విసుగు లేదని, ఆ క్లాసు అంటే కూడా లేదని, నేను పారిపోయింది ఒక నవ్వు నుంచేనని ఆ రోజు తెలిసింది. అప్పటికి ఆరేళ్లు దాటిపోయాయి.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నాను. నాకు జవాబు రాయనక్కరలేదు, నీకు నువ్వు చెప్పుకుంటే చాలు. రేపటి నుంచి ఎవరూ నవ్వరని, ఎవరూ నీ మాటను తిరిగి అనరని ఖాయంగా తెలిస్తే, ఆ క్లాసులో కూర్చోవాలని నీకు ఉంటుందా? ఉంటుందనిపిస్తే నిన్ను వెళ్లగొడుతున్నది చదువు కాదు. అప్పుడూ ఉండదనిపిస్తే, నీ విసుగు నిజమైనది, దాన్ని గౌరవించాలి. నీకు చదువు పట్టలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చదువు మీద ఆశ పెట్టుకున్నవాళ్లకే ఆశాభంగం కలుగుతుంది.

మొదటి సెమిస్టరులో ఒక రాత్రి తొమ్మిది దాటాక నువ్వు ఫోన్ చేసి ఊపిరి తిప్పుకోకుండా చెప్పిన మాటలు నాకు ఇంకా వినబడుతున్నాయి. గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఇదే విశాఖపట్నంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేశారని, ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అది దొరక్క, అక్కడి భారతీయ గణాంక సంస్థలో చేరారని చెప్పావు. తరువాత ఆయన క్లాసులో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి, నమూనా చాలా పెద్దదైతేనే వర్తించే ఒక ఫలితం చిన్న నమూనాలకు ఎందుకు రాదని అడిగితే, ఆయన ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చుని మరునాటికి జవాబు తెచ్చారని, 1945లో అచ్చయిన ఆ జవాబునే మీరు క్రామెర్–రావు అసమానత అని చదువుతున్నారని చెప్పావు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. నాకు ఆ అసమానత ఏమిటో అర్థం కాలేదు గానీ, ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి మీద నీకున్న గౌరవం అర్థమైంది. ప్రశ్న అడిగితే గడియారం చూసేవాళ్ల నడుమ నీకు ఊపిరాడకపోవటం సహజం. నీ క్లాసులో అరవై మంది ఉన్నారన్నావు. వాళ్లలో ఇద్దరైనా నీలాగే ఊపిరాడక, నీలాగే నోరు మూసుకుని ఉంటారని నా నమ్మకం. నేను చివరి బెంచీలో కూర్చున్న రోజుల్లో నా పక్కన కూర్చున్న అమ్మాయి కూడా ఏమీ మాట్లాడేది కాదు. ఆమె ఎందుకు మాట్లాడలేదో నేను ఎన్నడూ అడగలేదు.

ఇక మన మాట సంగతి. ఆగస్టు 29న మీ దగ్గర తెలుగు భాషా దినోత్సవం జరిపి, గిడుగు రామమూర్తి పంతులు గారి పటానికి దండ వేశారని నువ్వే ఫొటో పంపావు. ఆయన 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర గిరిజనుల భాషను వాళ్ల నోటినుంచే నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన మనిషి. జనం మాట్లాడే తెలుగుకు పుస్తకాల్లోనూ బడుల్లోనూ చోటు ఉండాలని జీవితమంతా వాదించారు. ఆ పటం ఉన్నచోటే నీ మాటకు నవ్వారంటే నాకు చాలా బాధ కలిగింది. అయితే ఆ నవ్వేవాళ్లే విశాఖపట్నం అనుకోవద్దు. మీ గేటు దాటి ఏ రైతుబజారుకైనా వెళ్లు, ఆర్టీసీ కాంప్లెక్సులో మన వైపు బస్సులు ఆగే చోట పది నిమిషాలు నిలబడు, అక్కడ వినబడేదంతా నీ మాటే. ఆ నగరంలో నువ్వు పరాయిదానివి కావు. నీ గదిలో నలుగురి మధ్య మాత్రమే నీకు పరాయితనం. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, సాహిత్య సభలు కూడా జరుగుతుంటాయి. నీ పుస్తకాలు పట్టుకుని ఒక ఆదివారం అక్కడ కూర్చుని చూడు.

డబ్బు గురించి నువ్వు నోరు తెరిచి అనలేదు గానీ, అది నీ మనసులో ఉందని నాకు తెలుసు. 2015లో సుకన్య సమృద్ధి పథకం వచ్చిన ఏడాదే, నీకు తొమ్మిదేళ్లప్పుడు, మన పోస్టాఫీసులో నీ పేర ఖాతా తెరిచి నెలకు ఐదు వందల చొప్పున కట్టుకుంటూ వచ్చాను. పైచదువు కోసం సగం వరకు తీసుకోనిస్తారు గనుక, ఆ సగమే నీ ఫీజుకు వెళ్లింది. అది నీ డబ్బు. దండగ అవుతుందేమోనన్న భయంతో అక్కడ ఉండిపోవద్దు, దండగ కాకూడదన్న పట్టుదలతోనూ ఉండిపోవద్దు.

మానేయటమంటే నా రోజుల్లో తలుపు మూసుకుపోవటమే. ఇప్పుడు అలా కాదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం, రెండేళ్లు పూర్తి చేసి బయటకు వచ్చినా డిప్లొమా ఇచ్చి, తరువాత తిరిగి చేరే వీలు కల్పించాలి. సంపాదించిన క్రెడిట్లను అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఖాతాలో ఏడేళ్ల వరకు దాచి, వేరే విశ్వవిద్యాలయంలోనైనా వాడుకోవచ్చు. మీ దగ్గర ఆ పద్ధతి ఎలా నడుస్తోందో ఆఫీసులో కాగితం మీద రాయించుకుని రా. నోటి మాట నమ్మవద్దు. రాత్రిపూట నిద్రపట్టక మనసు మరీ బరువెక్కితే, ఎన్ని గంటలైనా సరే నాకు ఫోన్ చెయ్యి. నాతో చెప్పలేననిపిస్తే, మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ 14416కు చెయ్యి. ఇరవై నాలుగు గంటలూ ఉంటారు, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే ఆదివారం నేను ఉదయం ప్యాసింజరుకు బయలుదేరి వస్తున్నాను. నాన్నకు చెప్పాను, పెట్టె సంగతి కూడా చెప్పాను. నన్ను తీసుకెళ్లటానికి వచ్చిన తాత ఏమీ అడగలేదని ఇన్నేళ్లుగా నాకు మనసులో ఉంది. ఆయన ప్రేమ కొద్దీ అడగలేదు. నేను మాత్రం అన్నీ అడుగుతాను, విసుక్కోకు. బీచి రోడ్డులో కూర్చుని మాట్లాడుకుందాం, వరండా చివరికి వెళ్లే పని లేదు. నీ గదిలో పిల్లలకు కూడా కిలో జీడిపప్పు తెస్తున్నాను, ఆ ముసలామె మనవరాలి బట్టీలోదే.

ఆశీస్సులతో,
అమ్మ